మహాప్రాణం పలికితే ఊపిరి పెరగదు మాస్టారూ

బీచ్ రోడ్డులో మా వాకింగ్ గ్రూపుకి ఈ మెసేజ్ నెలలో నాలుగుసార్లు వచ్చింది. చివరిసారి పంపింది మా మాస్టారు, రిటైరైన తెలుగు పండితులు. సారాంశం ఇదీ: ఖ, ఘ, ఫ, భ లాంటి మహాప్రాణాలు పలికితే ఊపిరితిత్తులు శుభ్రపడతాయి. చలిదేశాల్లో గొంతు ముడుచుకుపోయి యూరప్ వాళ్లు వాటిని పోగొట్టుకున్నారు, అందుకే సంస్కృతంలోని ‘భ్రాతా’ అక్కడ ‘బ్రదర్’ అయింది. వాటిని వదిలేసిన తెలుగువాళ్లకు ఊపిరి బలం తక్కువ. ఇదంతా 2019లో అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. కింద వరసగా దండాల బొమ్మలు.

ముందు ఊపిరితిత్తుల సంగతి. టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి, మూతి ముందు వేలాడదీసి చూపిద్దామనుకున్నాను. సముద్రపు గాలికి అది ఒక్క క్షణం నిలబడితే కదా! టీ కొట్టు గోడ చాటుకు వెళ్లాం. నేను ‘పాలు’ అన్నాను, కాగితం కదల్లేదు. మా అమ్మాయి ఇంగ్లీషు వార్తలు చదివేవాళ్లలాగా ‘పెన్’ అంది, ఎగిరిపడింది. మాస్టారు ‘ఫలం’ అన్నారు. కాగితం ఎగరలేదు, మెల్లగా వంగి అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆయన పెదవులు రెండూ మూసి తెరవలేదు, పైపళ్లు కింది పెదవికి ఆనించారు. అది ‘ఫ్యాను’లో వినబడే శబ్దం.

“ఏటీ, ఇన్నేళ్లూ పిల్లలకి తప్పు చెప్పానా?” అన్నారు నవ్వుతూ. తప్పేం కాదు. మనలో చాలామంది అలాగే అంటాం. ఆ ‘ఫలం’ సంగతి మళ్లీ చెబుతాను.

క అన్నా ఖ అన్నా గాలిని తోసేవి ఆ ఊపిరితిత్తులే, తోసే బలంలోనూ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా గొంతులో ఉంది. క పలికి నాలుక వదిలేసరికి స్వరతంత్రులు దగ్గరకొచ్చి, మోగడానికి సిద్ధంగా ఉంటాయి. ఖ పలికేటప్పుడు అవి ఇంకా ఎడంగానే ఉంటాయి. ఆ సందులోంచి గాలి బుస్సున పోయాక అచ్చు మొదలవుతుంది. ఈ ఆలస్యాన్ని లిస్కర్, అబ్రమ్‌సన్ అనే ఇద్దరు 1964లో 11 భాషల్లో కొలిచి ప్రచురించారు. వాటిలో తమిళం, హిందీ, మరాఠీ కూడా ఉన్నాయి. ఇంగ్లీషు మాట మొదట్లో వచ్చే ‘ప’కు సగటున 58 మిల్లీసెకన్లు వచ్చింది. అంటే సెకనులో ఇంచుమించు పదిహేడో వంతు. ఊరికే కూర్చుని తీసే ఒక్క శ్వాసలోనే అర లీటరు గాలి ఆడుతుంది. పుట్టినరోజు కొవ్వొత్తులు ఊదినా ఈ మహాప్రాణం కంటే ఎక్కువే పోతుంది. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలో మూడు బంతుల పరికరం ఇస్తారు చూడండి, దాంతో చేయించేది గాలి లోపలికి నిదానంగా, లోతుగా పీల్చడం, బయటికి వదలడం కాదు.

నిదానంగా మంత్రం చదివితే మనసు కుదుటపడుతుందంటే నేను కాదనను. అది శ్వాసను నెమ్మదిగా, పొడుగ్గా వదలడం వల్ల. ‘ఓం’లో మహాప్రాణం ఒక్కటైనా ఉందా?

‘మహాప్రాణం’ అనే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది అనిపిస్తుంది. కానీ పాతవాళ్లు పొరబడలేదు. మన వైపు ఎక్కువగా వినబడే కృష్ణ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ ప్రాతిశాఖ్యం (వేదాన్ని ఎలా పలకాలో చెప్పే పాత గ్రంథం) ఏమంటుందో మాస్టారికి నేను చెప్పక్కర్లేదు: “సంవృతే కంఠే నాదః క్రియతే, వివృతే శ్వాసః, మధ్యే హకారః”. కంఠం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాసం, నడిమిగా ఉంటే హకారం. ఘ, ఝ, ఢ, ధ, భలలో ఉండేది ఆ హకారమేనని కూడా అక్కడే చెప్పారు. గొంతులోకి కెమెరా దించి చూడని రోజుల్లో చెప్పిన మాట ఇది. సంస్కృతం గొప్పతనం చాటాలనుకుంటే ఇది ఫార్వర్డ్ చేయొచ్చు కదా!

ఇక చలి. బాగా చలిగా ఉండే ఐస్‌లాండ్‌లో మాట మొదటి ప, త, కలను గట్టి ఊపిరితో పలుకుతారు. ఉక్కపోసే థాయ్‌లాండ్‌లోనూ మహాప్రాణాలున్నాయి. మన పక్కనే, వెచ్చని శ్రీలంకలో, సింహళం వాటిని వాడుకలో పోగొట్టుకుంది. అసలు సంస్కృతం నుంచి ఇంగ్లీషు పుట్టలేదు. రెండూ ఇంకా పాత భాషలోంచి వచ్చాయి. ఆ బంధుత్వం గురించి విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో మాట్లాడాడు. ఆ పాత భ్‌కు లాటిన్‌లో ఫ్రాతెర్, గ్రీకులో ఫ్రాతేర్ వచ్చాయి. ఇటలీ, గ్రీసుల్లో మంచు కురిసి గొంతు పూడుకుపోయిందా? ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో భ బ అయితే, ప ఫ్ అయింది (పితా, ఫాదర్), ద త అయింది (దశ, టెన్). అక్షరాలన్నీ ఒక వరసలో జరిగాయి. 1822లో జర్మన్ పండితుడు గ్రిమ్ చూపించింది ఈ వరసనే. గొంతు ఇరుకైతే ఇంత పద్ధతిగా మారవు. సంస్కృతం కూడా మహాప్రాణాలను వదులుకుంది: ‘ధా’ ధాతువు రెట్టిస్తే ‘ధధామి’ కాలేదు, ‘దధామి’ అయింది. రెండు మహాప్రాణాలు దగ్గర పడితే మొదటిది తేలికపడుతుందని గ్రాస్‌మన్ అనే ఇంకో జర్మన్ పండితుడు 1863లో చెప్పాడు.

తెలుగువాళ్లు వదిలేశారన్న మాట ఇంకా అన్యాయం. మనకు మొదట్నుంచీ లేవు. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 అన్నాడు. మహాప్రాణాలు ఆ 36లో లేవు, సంస్కృతం మాటలతో వచ్చాయి. ‘నలభై’ అని రాసి ‘నలబై’ అంటాం. మా విశాఖలో పెదజాలరిపేట ఒడ్డు నుంచి పడవలో ఉన్నవాణ్ణి కేకేసి పిలిచేవాళ్ల ఊపిరి తక్కువని ఎవరైనా అంటే, పొద్దున్నే వచ్చి వినమనండి.

మిగిలింది 2019. ఆ పరిశోధన ఉన్నమాట నిజం. సైన్స్ పత్రికలో వచ్చింది, చేసిన బృందంలో ముఖ్యులు జ్యూరిచ్ విశ్వవిద్యాలయం వాళ్లు. శరీరం భాషను కొంచెం అటూ ఇటూ తిప్పగలదన్నారు, అంతవరకు ఒప్పుకోవాలి. అయితే వాళ్లు చూసింది పళ్ల వరస. వ్యవసాయం వచ్చి మెత్తటి తిండి పెరిగాక, పైపళ్లు కొంచెం ముందుకు ఉండే వరస పెద్దయ్యాకా నిలిచిందని, అలాంటి నోటికి కొన్ని శబ్దాలు పలకడం 29 శాతం తక్కువ శ్రమ అని లెక్కగట్టారు. ఊపిరితిత్తుల ఊసు, భ ఊసు అందులో లేవు. వాళ్లు చెప్పిన శబ్దాలు పైపళ్లు కింది పెదవికి ఆనించి పలికేవి, అంటే టీ కొట్టు దగ్గర మా మాస్టారు ‘ఫలం’ అన్నప్పుడు పలికినదే.