రోడ్డు తవ్వింది ఎవరు, పూడ్చాల్సింది ఎవరు?

వాన పడ్డప్పుడల్లా నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ లేచి వస్తుంది. సారాంశం ఇది: "కేంద్రం కోట్లు ఇస్తుంటే రోడ్లకు పెట్టకుండా మింగుతున్నారు. అంచనాలు పెంచి, ఆ మీద ఇంకా ఎక్సెస్‌కు (అంచనా కంటే ఎక్కువ రేటుకు) తమవాళ్ళకే పనులు కట్టబెడుతున్నారు. వేసిన రోడ్డు వెంటనే తవ్వేది కమీషన్ కోసమే. పాడైతే మళ్ళీ మన పైసలతోనే రిపేరు. కాబట్టి ఎవరూ ఇంటిపన్ను కట్టొద్దు." ఇందులో కోపం నిజమైనదే. చెప్పిన కారణాలే చాలావరకు తప్పు. వాటిని పట్టుకుని కూర్చుంటే అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో ఎవరూ చూడరు.

కేంద్రం డబ్బుతో మొదలుపెడదాం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మనలాంటి చిన్న పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 40 శాతమే పట్టణం తన అవసరాన్ని బట్టి వాడుకునేది. 30 శాతం తాగునీటికి, వాననీటి నిల్వకు. ఇంకో 30 శాతం పారిశుధ్యానికి, చెత్త నిర్వహణకు. ఈ 60 శాతంలోంచి తీసి సీసీ రోడ్డు వేస్తే అదే నిధుల దారి మళ్ళింపు అవుతుంది, ఆడిట్‌లో పట్టుకుంటారు కూడా. పట్టణాల కోసం 2015లో వచ్చిన కేంద్ర పథకం అమృత్‌లో నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ నాలుగూ ఉన్నాయి. ఆ డబ్బు ప్రధానంగా నీళ్ళకు, మురుగునీటికి, పార్కులకు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. కోట్లు వచ్చిన మాట నిజం, అవన్నీ రోడ్లకు వచ్చాయనేదే అబద్ధం.

పైగా ఆ మెసేజ్‌కు జత చేసే గుంతల ఫొటోలు సగం మెయిన్ రోడ్డువే. నల్లగొండ మీదుగా వెళ్ళేది 565వ నంబరు జాతీయ రహదారి, మహబూబ్‌నగర్ మీదుగా 167. అవి మున్సిపాలిటీ రోడ్లు కావు, వాటి మీద గుంత పడితే కౌన్సిలర్ ఇంటి ముందు ధర్నా చేసి లాభం లేదు.

అంచనాల సంగతి. ఎస్టిమేట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) నోటికొచ్చినట్టు రాసేది కాదు. ప్రభుత్వం ఖరారు చేసిన స్టాండర్డ్ రేట్ల పట్టిక ఉంటుంది, దాని ప్రకారమే వేయాలి. కౌన్సిల్ పరిపాలనా అనుమతి ఇస్తుంది, ఇంజినీర్లు సాంకేతిక అనుమతి ఇస్తారు, తర్వాత ఆన్‌లైన్ టెండర్. అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్ ఇవ్వకూడదని 2003 నుంచి నిబంధన ఉంది. అంటే మెసేజ్ భయపెడుతున్న ద్వారం దాదాపు మూసే ఉంది. తెరిచి ఉన్నది దానికి ఎదురుగా ఉన్న ద్వారం: లెస్ టెండర్, అంటే అంచనా కంటే తక్కువకు పని ఒప్పుకోవడం. ఆ స్టాండర్డ్ రేట్లలో కాంట్రాక్టర్ లాభం, ఓవర్‌హెడ్లు కలిపి సుమారు 14 శాతం ఉంటాయి. ఒకాయన 25 శాతం లెస్‌కు వేశాడనుకోండి. లాభం మొత్తం వదులుకున్నా ఇంకా పది శాతం పైనే ఎక్కడో మిగుల్చుకోవాలి. సిమెంటులోనో, మందంలోనో, రోడ్డు కింద పరిచే బెడ్డులోనో, క్యూరింగ్‌కు పోయాల్సిన నీళ్ళలోనో కోత పడుతుంది. "మా వార్డు పని లెస్‌కు పోయింది, ఇంత మిగిలింది" అని సంబరపడేవాళ్ళను చూస్తే నాకు నవ్వు రాదు, టెన్షన్ వస్తుంది. పనిని చిన్న ముక్కలు చేసి నామినేషన్ మీద (టెండర్ లేకుండా నేరుగా) ఇచ్చే అలవాటు కూడా చాలా చోట్ల ఉంది, దాన్ని నిలదీయాల్సిందే. మెసేజ్‌లో మాత్రం దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఇక అందరికీ ఒళ్ళు మండే విషయం, కొత్త రోడ్డు తవ్వడం. కమీషన్లు లేవని నేను అనను. కానీ తవ్వకానికి మూలం వేరే ఉంది. వీధిలో సీసీ రోడ్డు, మోరీ వేసేది మున్సిపాలిటీ ఇంజినీరింగ్ విభాగం. పెద్ద నీటి పైపులు, భూగర్భ డ్రైనేజీ చాలావరకు పబ్లిక్ హెల్త్ విభాగం చేతిలో ఉంటాయి. కరెంటు కేబుల్ డిస్కమ్‌ది (విద్యుత్ పంపిణీ సంస్థది), ఫైబర్ కంపెనీలది. ఒక్కొక్కరి నిధి వేరు, గడువు వేరు. రోడ్డు నిధి మార్చిలోపు ఖర్చు కాకపోతే మురిగిపోతుందంటే, పైపు ఇంకా రాలేదని ఎవరూ ఆగరు. ఫిబ్రవరి, మార్చిలో వీధివీధినా కాంక్రీటు మిల్లర్లు మోగేది అందుకే. జూన్‌లో పైపు వస్తుంది, రోడ్డు చీలుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిన జిల్లాలో మంచినీళ్ళ పైపు కోసం తవ్వొద్దని ఎవరం అంటాం? ముందు పైపు, తర్వాత మోరీ, ఆఖరున రోడ్డు వేయమంటాం, అంతే. ఈ వరుస ఖాయం చేయాల్సింది కౌన్సిలే. 2025 జనవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక వచ్చిన ప్రత్యేక అధికారులకూ అప్పట్లో ఇదే బాధ్యత ఉండేది. అన్ని విభాగాలనూ ఒక చోట కూర్చోబెట్టి, వచ్చే ఏడాది ఏ వీధిలో ఎవరికి ఏ పని ఉందో రాయించకుండా రోడ్డుకు అనుమతి ఇవ్వడం అక్షరాలా ప్లానింగ్ తప్పు. దీన్ని కమీషన్ అని తిడితే అధికారులు హాయిగా తప్పించుకుంటారు, ఎందుకంటే రుజువు అడుగుతారు. అదే ప్లానింగ్ అని అడిగితే ఫైలు చూపించాల్సి వస్తుంది.

తవ్వినవాళ్ళు పూడ్చకపోవడం ఇంకో సంగతి. బయటి సంస్థలు రోడ్డు కోయాలంటే పునరుద్ధరణ చార్జీలు ముందే కట్టాలి. కట్టిన తర్వాత పూడ్పించే బాధ్యత మున్సిపాలిటీదే. కందకాన్ని పొరలు పొరలుగా నీళ్ళు పోసి గట్టిగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. తవ్విన మట్టినే పైకి నెట్టి వెళ్ళిపోతే మొదటి వానకే కుంగుతుంది. ఆటో చక్రం దిగబడేది అక్కడే.

"పాడైతే మన పైసలతోనే రిపేరు" అన్న మాట కాగితం మీద తప్పు, ఆచరణలో మాత్రం చాలాసార్లు నిజమవుతుంది. ఒప్పందంలో లోపాల బాధ్యతా కాలం ఉంటుంది, మామూలుగా రెండేళ్ళు. అప్పటిదాకా కాంట్రాక్టర్ డిపాజిట్ మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. ఆలోపు పగుళ్ళు పడితే, పెచ్చులూడితే తన ఖర్చుతో బాగు చేయాలి, చేయకపోతే ఆ డిపాజిట్‌లోంచి చేయించవచ్చు. రెండేళ్ళలో వీధివాళ్ళెవరూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వకపోతే డిపాజిట్ నిశ్శబ్దంగా వెనక్కి పోతుంది. ఆ తర్వాత పడే గుంత మన ఖాతాలోదే.

పన్ను కట్టొద్దన్న సలహా మీద ఎక్కువ చెప్పడానికి లేదు. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, ఏడాదికి 24. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రిబేటు వస్తుంది. మెసేజ్ రాసినాయన మీ వడ్డీ కట్టడు. ఇంటిపన్నుకు ఆర్థిక సంఘం గ్రాంటు లాంటి ముడి ఉండదు, వార్డులో రోడ్డుకు, మోరీకి వాడుకోగలిగే కొద్ది డబ్బులో అదీ ఒకటి.

కోపం చల్లారకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ వీధి పని ఎస్టిమేటు, ఒప్పందం, పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ (ఎంబీ) నకలు, కాంక్రీటు గట్టిదనం చూసే క్యూబ్ టెస్టు ఫలితాలు, లోపాల బాధ్యతా కాలం ముగిసే తేదీ అడగండి. ఎంబీలో రాసిన మందాన్ని రోడ్డు అంచున టేపు పెట్టి మీరే కొలుచుకోవచ్చు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన మెటీరియల్ నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి కూడా హక్కుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే కార్యాలయంలోని పై అధికారికి.