ఏం నీళ్లు పోసిండ్రు సార్?

మా ఇన్వర్టర్ బ్యాటరీ సరిగ్గా 35వ నెలలో కన్నుమూసింది. వారంటీ కార్డు మీద 36+24 అని ఉంది. మొదటి 36 నెలల్లో పోతే ఉచితంగా కొత్తది ఇవ్వాలి. గడువుకు నెల ముందే పోయేంత సంస్కారం ఉన్న బ్యాటరీని నేనింతవరకు చూడలేదు. లోలోపల మెచ్చుకుంటూ దాన్ని ఆటోలో ఎక్కించి, నల్లగొండ క్లాక్ టవర్ దాటి, కొన్న దుకాణానికే తీసుకెళ్లాను.

దుకాణదారు బ్యాటరీ వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఏం నీళ్లు పోసిండ్రు సార్?"

"డిస్టిల్డ్ వాటరే."

"ఏడ కొన్నరు?"

"పెట్రోల్ బంకు పక్కన."

"బిల్లు ఉన్నదా?"

నీళ్ల డబ్బాకు బిల్లు! మూడేళ్లుగా దాచుకోవాల్సిన కాగితం అదొకటి ఉందని నాకు తెలియదు. నేను తడబడటం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "మీరు కాదు సార్, ఇంట్ల పెద్దోళ్లు ఎవరన్న పోసిండ్రేమో?" మా అత్తమ్మను అనుమానితుల జాబితాలో చేర్చేశాడన్నమాట. వాన నీళ్లా? ఏసీ నుంచి కారే నీళ్లా? వంటింటి ఆర్వో నీళ్లా? ఒక్కో నీటికి నా ముఖం ఎలా మారుతుందో గమనిస్తున్నాడు. చివరికి యాసిడ్ సాంద్రత కొలిచే గాజు గొట్టం, అదే హైడ్రోమీటర్ తీసి, ఒక సెల్లులోంచి కాస్త యాసిడ్ పీల్చి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని కన్ను చికిలించాడు.

"జర ఎర్రగున్నది. బోరు నీళ్లు."

కేసు కొట్టేశారు. అప్పీలు లేదు.

బోరు నీళ్లలోని ఇనుము, క్లోరైడ్లు ప్లేట్లను తినేస్తాయన్నది నిజమే. ఆర్వో నీళ్లలోనూ లవణాలు కొంత మిగులుతాయి కాబట్టి అవీ పనికిరావు. మరి ఇంత శాస్త్రం కొన్న రోజు ఎక్కడికి పోయింది? ఆ రోజు ఆయన చెప్పింది రెండే మాటలు. ఒకటి, "రాత్రంతా నడుస్తది." రెండు, "ఓ పక్క లేపి చూడుండ్రి, బరువు చూడుండ్రి." గుమ్మడికాయ కొన్నట్టు కొన్నాను.

పైన 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీ సామర్థ్యం) అని ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో సి20. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున, 20 గంటల పాటు నింపాదిగా వాడితేనే ఆ 150 వస్తుంది. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ కలిపి మా ఇంట్లో 400 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది గుంజేది 33 ఆంపియర్లకు పైనే. ఆ వేగంతో తోడితే 150 ఎక్కడిది? పైగా అది నాలుగు కాలాలు బతకాలంటే సగానికి మించి తరచూ ఖాళీ చేయకూడదు. లెక్క వేస్తే మిగిలేది రెండు గంటలు. ఆయన రాత్రి అంత చిన్నది.

(దీనికంటే కారు బ్యాటరీ పెట్టుకో, సగం ధరకే వస్తుందన్నాడు మా బామ్మర్ది. అందులో ఉండేవి పలచటి ప్లేట్లు. ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని సెకన్లు జోరుగా కరెంటిచ్చి ఊరుకుంటాయి. రోజూ రాత్రి ఖాళీ చేస్తే నెలల్లోనే పోతుంది. మా బామ్మర్ది సలహాలన్నీ ఇంజన్ స్టార్ట్ చేసే రకమే.)

"పోనీ సార్, మీరు మనోళ్లు. ప్రో-రేటా ఇప్పిస్త" అన్నాడు. ఆ +24 అనేది ఇదే: 36 నెలలు దాటాక వచ్చే 24 నెలల్లో పోతే కొత్తది ఉచితంగా రాదు, ఎమ్మార్పీలో కొంత తగ్గిస్తారు. కార్డు మీది ఎమ్మార్పీ 20,000. అందులో 20 శాతం తగ్గింపు పోగా 16,000. అదే బ్యాటరీ వారంటీ ఊసెత్తకుండా కొంటే ఆయన దుకాణంలోనే 14,500. అంటే వారంటీ ఉన్నందుకు నా మీద పడే జరిమానా 1,500.

అదైనా సహిస్తాను. ఆ ప్రశ్న మాత్రం సహించలేను. ఏం నీళ్లు పోశారట! ఎక్కడ నిలబడి అడుగుతున్నావయ్యా? ఇది నల్లగొండ. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. పేరూ మాదే, వంగిపోయిన వెన్నెముకలూ మావే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని విషాన్ని మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి తాగారు. పిల్లల పళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వంకరపోయాయి. ఇంటింటికీ కృష్ణా నీళ్లు రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టింది! అన్నేళ్లలో ఏ ఆఫీసు కౌంటరులోనైనా ఒక్కడు హైడ్రోమీటర్ ఎత్తి పట్టుకుని, "ఏం నీళ్లు తాగుతున్నరు?" అని ఇంత శ్రద్ధగా అడిగాడా? సీసపు పెట్టెకు స్వచ్ఛమైన నీళ్లు పోయకపోతే నేరమట. మనిషికి పోయకపోతే ఎవరి వారంటీ రద్దయింది?

నీళ్లు తాగించి నన్ను కూర్చోబెట్టాడు. కొత్తది 14,500కే కొన్నాను. నిమిషం క్రితం పనికిరాదన్న పాత బ్యాటరీని ఎంత ప్రేమగా కాటా మీద పెట్టాడో! ఈసారి తయారీ నెల చూపించమన్నాను. బయట పెట్టింది ఎనిమిది నెలల నాటిది. ముఖం ముడుచుకుని లోపలి నుంచి వేరేది తెప్పించాడు. సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకున్నాను. చివర్లో అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా కూడా కొని, దానికీ బిల్లు ఇమ్మన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు.

"నీళ్లకు గూడ బిల్లేంది సార్?"