కందిపప్పు బొబ్బట్టు ఎవరిది?

కిందటి ఉగాదికి మన తెలుగు సంఘం పెట్టిన పిండివంటల పోటీకి మా అమ్మ బొబ్బట్లు పట్టుకెళ్లింది. రుచి చూసిన పెద్దాయన ఒకరు, "బాగున్నాయమ్మా, కానీ ఇవి కన్నడం వాళ్ల ఒబ్బట్లు, మనవి కావు" అని పళ్లెం పక్కకు జరిపేశారు. పూర్ణంలో శనగపప్పు కాకుండా కందిపప్పు ఉంది, అదీ నేరం. అమ్మ నవ్వి ఊరుకుంది. నాకే ఊరుకోబుద్ధి కాలేదు.

మా అమ్మమ్మది తెనాలి. శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి రోట్లో రుబ్బేది. అమ్మ 1988లో బెంగళూరు మల్లేశ్వరంలో అద్దింట్లో దిగేసరికి రోలు లేదు, చిన్న మిక్సీ ఉంది. పప్పు సరిగా నలిగేది కాదట. అరటాకు మీద తడుతుంటే ఒక్క పలుకు పైకి పొడుచుకొచ్చి బొబ్బట్టు చిరిగేది. పూర్ణం పెనానికి అంటి ఇల్లంతా మాడు వాసన. అది పట్టుకుని ఇంటి ఓనరమ్మ కిందినుంచి వచ్చి, "తొగరిబేళె హాక్రీ" అందట. కందిపప్పు వెన్నలా మెదిగింది. పైపిండిలో మైదాతో పాటు చిరోటి రవ్వ, అంటే బాగా సన్నటి గోధుమరవ్వ, కలపడమూ ఆవిడ నేర్పిందే.

అసలు లాభం కట్టులో ఉంది. ఊళ్లో పప్పు వార్చిన నీళ్లు గేదె కుడితిలోకి పోయేవి. ఇక్కడ ఆ కట్టులో ఓ ముద్ద పూర్ణం, చింతపండు పులుసు, సారుపొడి (మన చారుపొడే), కొబ్బరి వేసి మరిగించి, ఇంగువ పోపు పెడితే ఒబ్బట్టు సారు. తియ్యగా, పుల్లగా, కారంగా ఉంటుంది. మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఓసారి పండక్కి వచ్చిన అమ్మమ్మ, "ఇక్కడ శనగపప్పు దొరకదుటే?" అని దెప్పి, రెండో గ్లాసు సారు అడిగి మరీ తాగింది. పప్పు ఊసు మళ్లీ ఎత్తలేదు.

గుంటూరులో బొబ్బట్టు, తెలంగాణలో పోలె, అనంతపురంలో ఓళిగ. ఓళిగకీ కన్నడ హోళిగెకీ మధ్య గీత ఎక్కడ గీస్తారు, హకారం దగ్గరా? ఆ మాటకొస్తే అమ్మమ్మ వాడిన మైదా మాత్రం తాతల నాటిదా? అలాగని ఏది కూరినా సరే అనను. ఇక్కడి హోళిగె అంగళ్లలో పైనాపిల్‌ది కూడా అమ్ముతున్నారు. నా పెద్దమనసు అక్కడ ఆగిపోతుంది.

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. వచ్చే పోటీలో పళ్లెం పక్కన 'అసలైన తెలుగు వంట' అట్టముక్క తీసేసి చిన్న చీటీ పెట్టించండి. ఈ వంట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మీ ఇంట్లో ఏం మారింది, ఎందుకు మారింది, రెండు ముక్కలు రాయమనండి. అమ్మ అప్పుడే తయారు. ఓనరమ్మ పేరు ముందు రాసి, తెనాలి ఆ తర్వాత రాస్తుందట. ఈసారి సారు కూడా తెస్తానంటోంది, గ్లాసులు మాత్రం సంఘమే చూసుకోవాలి.