కొవ్వూరు దాకా బావగారు

నిన్న సాయంత్రం విశాఖపట్నంలో రైలెక్కి ఈ ఉదయం సికింద్రాబాదులో దిగాను. ఈ మధ్యలో నాకొక బావగారు దొరికారు, పోయారు, మళ్ళీ దొరికారు. కోపం చల్లారితే ఇందులోని సూక్ష్మాలు మరిచిపోతానేమోనన్న భయంతో స్నానమైనా చేయకుండా రాస్తున్నాను.

ఆర్‌ఏసీ టికెట్టు అనుభవం లేని అదృష్టవంతులకు ఒక మాట చెప్పాలి. పడుకోవడానికి అయ్యే ఛార్జీని ఇద్దరి దగ్గరా పూర్తిగా వసూలు చేసి, ఇద్దరినీ ఒకే సైడ్ లోయరు బెర్తు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టే ఏర్పాటు ఇది. స్లీపరు పెట్టెలో ఇటువంటి బెర్తులు ఒకప్పుడు 5 ఉండేవి. 2017 జనవరి నుంచి వాటిని 7 చేశారు. అంటే పెట్టెకు 14 మంది రాత్రంతా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచిస్తూ ప్రయాణం చేస్తారన్నమాట. కాళ్ళు చాపితే అవతలివారి నడుము పక్కకు చేరతాయి. ఏ చుట్టరికమూ లేని మనిషి నడుము పక్కన పాదాలు పెట్టడం మర్యాద కాదు కనుక, ఆర్‌ఏసీలో చుట్టరికం వెతుక్కోక తప్పదు.

మా వెతుకులాట అనకాపల్లిలో మొదలై తుని దాటేసరికి ఫలించింది. ఆయన పెద్దతల్లి తోడికోడలి పుట్టిల్లు అనపర్తి. మా మేనత్త ఆడపడుచును ఇచ్చిందీ అనపర్తే. బీరకాయపీచుకు కూడా ఇంతకంటే దగ్గరి సంబంధం ఉంటుందనుకుంటాను. అయినా సామర్లకోట వచ్చేసరికి నేను ఆయనకు బావగారినైపోయాను. ఆ హోదాలో నా పులిహోర మూడొంతులు ఆయన తిన్నారు. ఆయన ఫోనుకు నా ఛార్జరు తగిలించాము. డాలస్‌లో ఉన్న కొడుకు జీతం, ఆ జీతం గురించి కోడలు అన్న మాట, తమ్ముడితో గట్టు తగాదా, రక్తపోటు మాత్ర ఏ పూట వేసుకుంటే ఎన్నిసార్లు లేవవలసి వస్తుందీ, అన్నీ నాకు చెప్పారు. గోదావరి వంతెన మీదికి రైలు రాగానే "చిల్లర ఉందా బావగారూ" అని నా జేబులోని రూపాయిని అడిగి తీసుకుని, కళ్ళు మూసుకుని, తన గోత్రం చెప్పుకుని నదిలోకి విసిరారు. నా గోత్రం అడగలేదు. రెండున్నర కిలోమీటర్లకు పైబడిన వంతెన కదా, ఎక్కడో ఒక చోట అడుగుతారనే అనుకున్నాను.

కొవ్వూరు దాటాక టీటీ వచ్చి, చేతిలోని యంత్రంలో చూసి, రాజమండ్రిలో ఎక్కవలసినవారెవరో రాలేదని, ఆర్‌ఏసీ వరుసలో నాకంటే ముందున్న మా బావగారికి 44 ఇస్తున్నానని చెప్పారు. 44 అంటే కిటికీ పక్క లోయరు. ఆ మాట వినగానే ఆయన లేచి, గాలిదిండు, నీళ్ళ సీసా, చెప్పులు, నా ఛార్జరు, అన్నీ ఎంతో పొందికగా సర్దుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయారు. న్యాయంగా చెప్పాలంటే నాకు నష్టమేమీ లేదు. బెర్తు మొత్తం నాకే మిగిలింది. ఫోనులో మాత్రం నాలుగు శాతం ఛార్జింగు మిగిలింది.

ఏలూరు సమీపిస్తుండగా నేను 44 దగ్గరికి వెళ్ళాను. పది దాటింది కనుక దీపాలు ఆర్పేశారు. నీలం బుడ్డి దీపం ఒక్కటే వెలుగుతోంది. బావగారు కళ్ళు మూసుకుని పడుకున్నారు గాని నిద్రపోవడం లేదు. కాలి బొటనవేలు ఆడుతోంది. "బావగారూ" అన్నాను మెల్లగా. ఆయన కళ్ళు తెరవకుండానే "వద్దయ్యా, ఏమీ వద్దు" అని చేయి ఊపారు. సమోసాలవాడిని పంపించేసే ఊపు అది. నా చేతిలో బుట్ట లేదు. నేను కేక వేయలేదు. అసలు నా గొంతు సమోసాలమ్మే గొంతు కాదు. సమోసాలవాడు బావగారూ అని పిలుస్తాడా అని కూడా ఆ మనిషికి తోచలేదు. మళ్ళీ పిలిచాను. ఈసారి ఎదుటి బెర్తు మీది ఆవిడ లేచి, సూట్‌కేసును కాలితో లోపలికి నెట్టి, "ఎవరండీ ఈయన? మీకు తెలుసా?" అని ఆయననే అడిగింది. ఆయన ఒక కన్ను తెరిచి నన్ను నిదానంగా చూశారు. ఆ కంటిలో శుక్లాలకు నిరుడు కాకినాడలో ఆపరేషన్ జరిగిందని, లెన్సుకు ఎంత పెట్టారో, ఆ సొమ్ములో అల్లుడు ఎంత ఇస్తానని ఎంత ఎగ్గొట్టాడో నాకు తెలుసు. అంత ఖరీదైన కంటితో చూసి కూడా "ఏమోనమ్మా, తెలియదు" అన్నారు.

"నా ఛార్జరు..." అన్నాను. ఆ పరిస్థితిలో అంతకంటే తెలివితక్కువ మాట మరొకటి ఉండదు. అర్ధచీకట్లో, పరాయి మనిషి బెర్తు పక్కన నిలబడి, ఆయన సంచి వైపు వేలు చూపిస్తూ అది నాది అనేవాణ్ణి లోకం ఏమని పిలుస్తుందో పై బెర్తు మీది పెద్దాయన పిలిచేశాడు. మధ్య బెర్తు మీది పిల్లవాడు ఫోను టార్చి నా ముఖం మీద వేశాడు. నేను వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ, మా మేనత్త ఆడపడుచును అనపర్తిలో ఇచ్చిన వైనం ఆ పెట్టె మొత్తానికి వినిపించేలా వివరించసాగాను. ఆవిడ సగంలోనే అడ్డుపడి, టీటీని పిలవమంటారా అని బావగారిని అడిగింది. ఆయన ఎంతో దయతో "పోనీలెండమ్మా, పాపం" అన్నారు.

సికింద్రాబాదులో దిగేసరికి నా ఫోను ఎప్పుడో ఆరిపోయి ఉంది. క్యాబు ఎలా పిలవాలా అని నిలబడి ఉండగా వెనక నుంచి భుజం మీద చేయి పడింది.

"ఎక్కడికి పోయారు బావగారూ! రాత్రి మళ్ళీ కనిపించనే లేదే! కూకట్‌పల్లే కదా మీరూ? నేను క్యాబు పిలిచాను, సగం సగం వేసుకుందాం, రండి."

ఎక్కాను. కూర్చోగానే ఆయన సంచిలోంచి నా ఛార్జరు తీగ తీసి, డ్రైవరు పక్కనున్న ప్లగ్గుకు తన ఫోను తగిలించుకుని, "మీ వాటా నూట ఎనభై, ఇప్పుడే ఫోన్‌పే చేసేయండి, తరవాత ఇద్దరం మరిచిపోతాం" అన్నారు.