ఎగరడానికి కొండ ఒక్కటే చాలదు

గోదావరి జిల్లాల కుర్రాళ్లు కొందరు సెలవు పెట్టుకుని మహారాష్ట్రలోని కామ్‌షెట్‌కో, హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌కో వెళ్లి పారాగ్లైడింగ్, అంటే తాళ్లు కట్టిన గుడ్డ రెక్కతో కొండ మీంచి ఎగరడం, నేర్చుకుని వస్తున్నారు. ఇంటికి తిరిగొచ్చాక వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. మన దగ్గర ఎక్కడ ఎగరొచ్చు?

డెల్టా అంటేనే బల్లపరుపు నేల. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఎటు చూసినా వరి చేలు, కొబ్బరి తోటలు, చేపల చెరువులే. కొండలేమైనా ఉంటే డెల్టా అంచుల్లోనే ఉన్నాయి. కోరుకొండ, పెద్దాపురం పాండవుల మెట్ట, అన్నవరం రత్నగిరి, పశ్చిమాన ద్వారకా తిరుమల. హిమాలయాల ముందు ఇవన్నీ చిన్నవే. చిన్న కొండ కదా, ప్రమాదమూ చిన్నదే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. కొండ ఎంత చిన్నదైతే అక్కడ ఒకరికొకరు దారి ఇచ్చుకునే పద్ధతి అంత గట్టిగా ఉండాలి. మన ప్రాంతంలో ఈ ఆట మొదలవ్వాలంటే టేకాఫ్ చోటు వెతకడానికి ముందే ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో తేల్చుకోవాలి. గాల్లోనూ, నేల మీదా.

కారణం గాలిలోనే ఉంది. వీచే గాలి కొండ వాలుకి తగిలి పైకి లేస్తుంది. ఆ లేచే గాలిలో ఉన్నంతసేపే రెక్క కిందికి జారకుండా నిలబడుతుంది. లిఫ్ట్ అనే ఈ లేచే గాలి కొండ ముందు ఒక సన్నని పట్టీలాగే ఉంటుంది. దాన్ని దాటి బయటికి పోతే దిగిపోవడమే, వెనక్కి పోతే ఇంకా ప్రమాదం. పెద్ద కొండ దగ్గర ఆ పట్టీ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి పదిమంది ఎగిరినా ఇబ్బంది ఉండదు. చిన్న మెట్ట దగ్గర నలుగురికే కిక్కిరిసిపోతుంది. అందరూ ఆ కొద్ది జాగాలోనే అటూ ఇటూ తిరుగుతుంటారు.

ఒక లెక్క చూడండి. మామూలు పారాగ్లైడర్ గంటకు 35 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఎగురుతుంది. ఇద్దరు ఎదురెదురుగా వస్తుంటే వాళ్ల మధ్య దూరం గంటకు 70 కిలోమీటర్ల వేగంతో తరిగిపోతుంది. వంద మీటర్ల ఖాళీ ఉందనుకుంటే అది కరిగిపోవడానికి ఐదు సెకన్లు చాలు. ఆ ఐదు సెకన్లలో ఎదుటివాణ్ని చూడాలి, ఎటు తప్పుకోవాలో తేల్చుకోవాలి, బ్రేకు లాగాలి, రెక్క మలుపు తిరగాలి. అప్పటికప్పుడు ఆలోచించుకునే టైమ్ లేదు. అందుకే ఈ రూలు ప్రపంచమంతా ఒకేలా పాటిస్తారు. కొండ ఎవరి కుడిచేతి వైపు ఉందో వాళ్లు తమ దారిలోనే వెళ్తారు. కొండ ఎడమచేతి వైపున ఉన్నవాళ్లు కుడికి, అంటే కొండకు దూరంగా తప్పుకుంటారు. కాలవ గట్టు మీద రెండు సైకిళ్లు ఎదురైతే కాలవ వైపున ఉన్నవాడికి జరగడానికి చోటుండదు, చేల వైపున ఉన్నవాడే దిగి దారిస్తాడు. ఇదీ అంతే.

ఇక్కడ మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. మనకు రోడ్డు మీద ఎడమకి తప్పుకోవడం చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు. గాల్లో ఎదురెదురుగా వస్తే ఇద్దరూ తప్పుకోవాల్సింది కుడికి. టెన్షన్‌లో చేతులు పాత అలవాటునే వెతుక్కుంటాయి. ఒకరు రోడ్డు అలవాటుతో ఎడమకి, ఇంకొకరు రూలు ప్రకారం కుడికి తిరిగితే ఇద్దరూ ఒకవైపే వచ్చి గుద్దుకుంటారు. క్లాసులో ఒకసారి చెప్పి వదిలేస్తే ఈ అలవాటు పోదు. నేల మీద రెక్క పట్టుకుని పరిగెత్తించే దశలోనే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నడిపించి, చేతులకు అలవాటయ్యేదాకా చేయించాలి.

మిగతా రూల్స్ కూడా దాదాపు అన్నీ ఒకటే చెబుతాయి: నువ్వు తర్వాత ఏం చేస్తావో పక్కవాడికి ముందే తెలియాలి. మలుపు ఎప్పుడూ కొండకు దూరంగానే తిరగాలి, తిరిగే ముందు తల తిప్పి చూడాలి. ముందున్నవాడు ఏ క్షణమైనా బయటికి తిరగొచ్చు కాబట్టి బయటి వైపు నుంచి దాటబోవడం తప్పు. లోపలి వైపు సరిపడా జాగా లేకపోతే దాటే ఆలోచన మానేసి వెనక్కి తిరిగిపోవాలి. థర్మల్‌లో, అంటే ఎండకి వేడెక్కి పైకి లేచే గాలిలో, ముందు చేరినవాడు ఎటు తిరుగుతుంటే తర్వాత వచ్చినవాళ్లూ అటే తిరగాలి. కిందున్నవాడికి తన రెక్క అడ్డొచ్చి పైన ఏముందో కనపడదు కాబట్టి పైనున్నవాడే జాగ్రత్త పడాలి. దిగేటప్పుడూ తక్కువ ఎత్తులో ఉన్నవాడిదే హక్కు. దిగాక రెక్కను అక్కడే పరిచి సెల్ఫీలు దిగకుండా గుత్తిగా పట్టుకుని పక్కకి వచ్చేయాలి. వెనక ఇంకొకరు దిగుతుంటారు, వాళ్లు గాల్లో ఆగి ఎదురుచూడలేరు.

ఇక మన వాతావరణం. బయట నేర్చుకుని వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడేనని నా భయం. వేసవిలో కోస్తాలో పొద్దున పడమటి గాలి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి తిరుగుతుంది. తీరానికి దగ్గరలో ముందు, లోపలికి పోయేకొద్దీ ఆలస్యంగా వస్తుంది. ఉక్కపోతలో మనం అరుగు మీద కూర్చుని దాని కోసమే ఎదురుచూస్తాం. కొండ అంచున ఎగిరేవాడికి మాత్రం అదే గాలి శత్రువు కావచ్చు. పొద్దున పడమటి ముఖం మీద హాయిగా లేపిన కొండే గాలి తిరిగాక అతణ్ని వెనక వైపు సుడుల్లో పడేస్తుంది. కొండను దాటి వచ్చే గాలి వెనక వాలులో గిరగిరా తిరిగే చోటుని రోటర్ అంటారు. అక్కడ రెక్క ఒక పక్క ముడుచుకుపోతే మళ్లీ విప్పుకోవడానికి చిన్న కొండ దగ్గర ఎత్తు ఉండదు, రిజర్వ్ పారాచూట్ తెరుచుకోవడానికీ చాలకపోవచ్చు. చిన్న కొండ తేలిక కాదని నేననేది ఇందుకే. రెండు గాలులూ ఢీకొనే వేళ అసలు ఎగరకూడదు. అది ఏ వేళో ఆ ఊరి రైతుకీ, కల్లు గీసేవాడికీ ఫోన్‌లోని యాప్ కంటే బాగా తెలుసు. వాళ్లని అడగాలి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలుల గురించి వేరే చెప్పాలా? మబ్బు ఇంకా దూరంగానే ఉండగా దాని ముందు గాలి దుమ్ము లేపుకుంటూ వచ్చేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర ఉరుముల మబ్బు ఎవా విస్నియెర్స్కా అనే జర్మనీ పైలట్‌ని 9,946 మీటర్ల ఎత్తుకి లాక్కుపోయింది. ఆమె స్పృహ తప్పి, మళ్లీ తెలివొచ్చి ప్రాణాలతో దిగింది. అదే రోజు ఆ మబ్బుల్లో చిక్కుకున్న చైనా పైలట్ మాత్రం బతకలేదు. ఎవా ప్రపంచ స్థాయి పోటీల్లో ఎగిరే పైలట్. ఆకాశం నల్లబడుతుంటే ఇంకో పది నిమిషాలు ఎగురుదాం అనేవాణ్ని పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టి ఆపాలి. అది కూడా మర్యాదే.

కొండలు మనవి కావన్న సంగతి కూడా మర్చిపోకూడదు. ఇందాక చెప్పిన పేర్లలో గుడి ఉన్నవే ఎక్కువ. కోరుకొండలో ఫాల్గుణ మాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి తీర్థం జరుగుతుంది, అన్నవరంలో ఏడాది పొడవునా వ్రతాలే. మెట్లెక్కుతున్న భక్తుల నెత్తి మీదుగా ఎగరడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అదీగాక కోరుకొండకు దగ్గరలోనే మధురపూడి విమానాశ్రయం ఉంది. విమానాలు దిగే దారికి దగ్గరలో అనుమతి లేకుండా రెక్క విప్పే ఊసే ఎత్తకూడదు. పైనున్న పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. కాబట్టి ఎగరదగిన కొండ అంటే గాలి బావున్న కొండ మాత్రమే కాదు. గుడివాళ్లు, అటవీ శాఖ, విమానాశ్రయం వాళ్లు, పంచాయతీ సరేనన్న కొండ.

అన్నిటికంటే ముఖ్యమైనవాడు కింద చేను ఉన్న రైతు. ఎగిరేవాళ్లు అతణ్ని లెక్కలోకి తీసుకోవడం అరుదు. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలయ్యాక చేలు ఖాళీగా కనపడతాయి. పైనుంచి చూస్తే దిగడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపిస్తుంది. కిందికి దిగి కూర్చుని చూస్తే కథ వేరు. మన డెల్టాలో చాలాచోట్ల కోతకు రెండు మూడు రోజుల ముందే వరిలో మినుము, పెసర చల్లేస్తారు. కొయ్యకాళ్ల మధ్య రెండాకుల మొక్కలు అప్పుడే తల ఎత్తుతుంటాయి. వాటి మీద పాతిక చదరపు మీటర్ల గుడ్డ ఈడ్చుకుపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దిగినవాడి కంటే చూడ్డానికి పరిగెత్తుకొచ్చే జనం చేసే నష్టం ఇంకా ఎక్కువ. బైకులు గట్టు మీదికి ఎక్కిస్తారు, పిల్లలు చేలో అడ్డంగా పరిగెడతారు. పదేళ్లుగా నడుస్తున్న ఎగిరే చోటైనా సరే, ఒక్క రైతుకి కడుపు మండితే ఒక్క రోజులో మూతపడుతుంది.

అందుకే దిగడానికి ఒక చేను కౌలుకి తీసుకోవాలి. గడ్డి మేపుకునే బంజరైతే మరీ మంచిది. అక్కడ గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం కట్టాలి. తప్పనిసరై వేరే చేలో దిగితే ఆ రైతు దగ్గరికి వెళ్లి, పేరు చెప్పి, నష్టం ఎంతో అతన్నే అడిగి ఇచ్చి రావాలి. మళ్లీ కలుస్తాలెండి అని తప్పించుకునే మాట పనికిరాదు.

డెల్టాలో నీళ్లూ కరెంటు తీగలూ ఇంకో గండం. పైలట్ కూర్చునే పట్టీల సీటుని హార్నెస్ అంటారు, దాని వీపు వెనక స్పాంజో, గాలి సంచో ఉంటుంది. నేల మీద పడితే నడుముని కాపాడేది అదే. నీళ్లలో పడితే అదే పైకి తేలి మనిషి ముఖాన్ని నీళ్లలోకి తిప్పుతుంది, సన్న తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. ఈత వచ్చినా లాభం ఉండదు. కాలవలు, చేపల చెరువులు ఉన్న వైపు ఎగిరేవాళ్లు ఎత్తు మిగుల్చుకుని తొందరగా వెనక్కి తిరగాలి, తాళ్లు కోసే చాకు చేతికి అందేలా పెట్టుకోవాలి. రొయ్యల చెరువుల మోటార్లకి, ఏరేటర్లకి పోయే తీగలు పైనుంచి కనపడవు, స్తంభాలు చూసి తీగ ఉందని అనుకోవాల్సిందే. ఎవరైనా తీగల్లో చిక్కుకుంటే సప్లై ఆపేదాకా ఒక్కరూ ముట్టుకోకూడదు. ఆ ఊరి లైన్‌మన్ నంబరు టేకాఫ్ దగ్గరే రాసి పెట్టి ఉండాలి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారాలుంటాయి, ఊళ్ల మీదుగా ఎగరకపోవడమే మేలు.

ప్రభుత్వం సంగతి. 2022లో కేంద్రం జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానం తెచ్చింది, పారాగ్లైడింగ్ కూడా అందులో ఉంది. హిమాచల్‌లో 2004 నుంచే ఏరో స్పోర్ట్స్ రూల్స్ ఉన్నాయి. బీర్‌లో ఏటా జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా వానల వల్ల ఎగరనివ్వరు. మన దగ్గర నియమాలు ఎప్పుడు గుర్తొస్తాయో గోదావరి మీద చూశాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి నలభై మందికి పైగా చనిపోయాకే పాపికొండల బోట్లకు కంట్రోల్ రూములు వచ్చాయి. ఆ కుటుంబాలకు అవి ఎందుకు పనికొచ్చాయి?

రేపు ఎవరైనా మన మెట్టల మీద టాండెమ్, అంటే పైలట్‌తో కలిసి ఒకే రెక్క మీద ఎగిరే, టికెట్లు అమ్మడం మొదలుపెట్టొచ్చు. టికెట్ కొన్న మనిషికి గాలి గురించి ఏమీ తెలియదు. హార్నెస్‌లో తొడల పట్టీలు బిగించారో లేదో కూడా తెలియదు, అవి మర్చిపోయి లేచిన పైలట్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే కౌంటర్ తెరవడానికి ముందు ఒక మనిషిని పెట్టాలి. టికెట్ల డబ్బుతో సంబంధం లేని, గాలి చదవడం తెలిసిన మనిషి. ఈ రోజు ఎవరూ ఎగరరు అని అతను అంటే యజమాని అయినా, ఎమ్మెల్యే గారి అబ్బాయి అయినా సంచీ సర్దుకుని కొండ దిగాలి. అంత అధికారం అతనికి కాగితం మీద రాసిచ్చాకే మొదటి టికెట్ కొట్టాలి.