పేస్‌మేకర్ ఉంటే పళ్ల డాక్టర్ దగ్గరికే వెళ్లకూడదా?

"పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పళ్ల డాక్టర్ దగ్గర ఏ మెషీన్‌నీ నోట్లో పెట్టనివ్వకండి, గుండె ఆగిపోతుంది" అనే మెసేజ్ తెగ తిరుగుతోంది. కింద "పది మందికి పంపండి" అని ఉంది కదా, అందరూ పంపేస్తున్నారు. దాంతోపాటు తిరుగుతున్న మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

"క్లీనింగ్ మెషీన్ ప్రాణం తీస్తుంది." గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్లు రెండు రకాలు. పీజో రకంలో క్రిస్టల్ వణుకుతుంది, దానివల్ల భయపడాల్సింది ఏమీ లేదు. రెండో రకంలో పిడి లోపల తీగచుట్ట, దాని మధ్య సన్నటి లోహపు రేకుల కట్ట ఉంటాయి, అయస్కాంత క్షేత్రంతో ఆ రేకులు వణుకుతాయి. ఈ రకాన్ని దగ్గరగా తెస్తే పేస్‌మేకర్ తడబడిందని 1998లో ఒక ల్యాబ్ పరీక్షలో తేలింది, మెసేజ్‌కి మూలం బహుశా అదే. కానీ అది ల్యాబ్‌లో సంగతి. తర్వాత మనుషుల మీద చూసినప్పుడు ప్రమాదకరమైన తేడా కనిపించలేదు, పైగా ఇప్పటి పేస్‌మేకర్లకు టైటానియం కవచం, బయటి సిగ్నళ్లను వడకట్టే ఫిల్టర్లు ఉంటున్నాయి. అయినా పీజోతోనో చేత్తోనో చేయమని అడగండి, మెషీన్ వైరు ఛాతీ మీద పడకుండా చూడమనండి, చాలు.

"ఎక్స్‌రే వద్దు." తప్పు. పంటి ఎక్స్‌రే పేస్‌మేకర్‌ని ఏమీ చేయదు. క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ సంగతి వేరు, రెండూ కలిపేసినట్టున్నారు.

"రూట్ కెనాల్ చేయించుకోవద్దు." ఇందులో పంటి వేరు పొడవు కొలవడానికి వాడే అపెక్స్ లొకేటర్ అనే మెషీన్‌లో చాలా కొద్ది కరెంటే పారుతుంది. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో హెచ్చరిక ఉన్నమాట నిజమే, కానీ రోగుల మీద చూసినప్పుడు ఇబ్బంది రాలేదు. హెచ్చరిక చూసి టెన్షన్‌గా ఉంటే ఎక్స్‌రేతో కొలవమనండి.

విచిత్రమేమిటంటే, నిజంగా జాగ్రత్త పడాల్సిన దాని పేరే ఆ మెసేజ్‌లో లేదు! చిగురును కరెంటుతో కోసే ఎలక్ట్రోకాటరీ. ఆ కరెంటును పేస్‌మేకర్ గుండె చప్పుడని పొరబడి, గుండె తనంతట తానే కొట్టుకుంటోందిలే అని తన పని ఆపేయొచ్చు. గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చే ఐసీడీ (పేస్‌మేకర్ లాంటిదే ఇంకో పరికరం) అయితే అనవసరంగా షాక్ కొట్టొచ్చు. కాబట్టి బ్లేడుతోనో లేజర్‌తోనో కుదురుతుందా అని ముందే అడగండి. తప్పదంటే మీ గుండె డాక్టర్‌తో మాట్లాడాకే.

"ముందుగా యాంటీబయాటిక్ మింగాలి." పేస్‌మేకర్ ఉందన్న ఒక్క కారణానికి అక్కర్లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషనే చెబుతోంది. రక్తం పలచబడే మాత్రలు కూడా సొంతంగా ఆపేయకండి. కుర్చీలో కూర్చోకముందే పేస్‌మేకర్ కార్డు తీసి చూపించండి, మోడల్ ఏమిటో దాంట్లోనే ఉంటుంది.