మహారాజశ్రీ ‘త్వరలో’ గారికి

మహారాజశ్రీ ‘త్వరలో’ గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు మారతహళ్లి నుంచి మీ చిరకాల బాధితుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, మా మేనల్లుడూ, నిన్న రాత్రి నుంచి నాతో మాట్లాడని మా ఆవిడా క్షేమం. సమర్పకుల పేర్ల కింద, బంగారు రంగు అక్షరాల్లో తమరూ క్షేమంగానే ఉన్నారని నిన్న సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకు కళ్లారా చూసి ఆనందించాను. రెండున్నరేళ్ల కిందట మొదటి పోస్టరు మీద చూసినప్పుడు ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు. ఒక్క ముడత లేదు. నెరిసింది మా తలలే.

ఏ సినిమా సంగతో మీకు వేరే చెప్పాలా? ఒకే గురువు దగ్గర విద్య నేర్చిన ఇద్దరు ఇంద్రజాలికులు, ఒకరి గుట్టు ఒకరు లాగాలని పంతం పట్టి ఇద్దరూ నాశనమయ్యే కథ. ఇంతవరకు మొదటి పోస్టరు చెప్పింది. తరువాత వచ్చిన పోస్టర్లన్నీ కూడా ఇంతవరకే చెప్పాయి. ఉగాదికి ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. వినాయక చవితికి అలాగే నిలబడి శుభాకాంక్షలు చెప్పారు. దసరాకు ఎడమ పక్క ఆయన కుడి పక్కకు వచ్చాడు. దాని మీద మా వాళ్లు పదిహేను రోజులు చర్చించి, ఉంగరం ఉండాల్సిన వేలికి లేదు కాబట్టి ఆయనకు కవల సోదరుడు ఉన్నాడని తేల్చారు. ద్విపాత్రాభినయాలు చూస్తూ పెరిగిన జాతికి కవలల కథతో మతి పోగొడదామనుకుంటే అది నిర్మాతల అమాయకత్వం. పోనివ్వండి.

నిన్నటి సంగతికి వస్తాను. ‘శుక్రవారం సాయంత్రం 4 గంటల 5 నిమిషాలకు మహా ప్రకటన. బెంగళూరు అభిమానుల కోసం పెద్ద తెర మీద. ప్రవేశం ఉచితం’ అని కబురు వచ్చింది. నాలుగు గంటలకు అనలేదు, నాలుగున్నర అనలేదు. పురోహితుడు పెట్టిన ముహూర్తంలా ఉన్న ఆ అయిదు నిమిషాలను చూసే నమ్మాను. నిమిషాలతో సహా చెప్పేవాడు అబద్ధం ఆడడనుకున్నాను. ఆఫీసులో పన్ను నొప్పి అని చెప్పి సగం రోజు సెలవు పెట్టాను. (కాబట్టి సోమవారం నుంచి కనీసం మూడు రోజులు క్యాంటీన్‌లో ఎడమ పక్కనే నమలాలి.) పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉన్న మేనల్లుణ్ని వెంటబెట్టుకుని బయలుదేరాను. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా రింగు రోడ్డు మీద ఎంతసేపు పట్టిందో రాయను. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు, లేనివాళ్లు నమ్మరు.

మూడున్నరకు వరుసలో నిలబడ్డాము. 4 గంటల 5 నిమిషాలు వచ్చింది, వెళ్లింది. నాలుగున్నరకు ‘హార్డ్ డిస్క్ దారిలో ఉంది’ అన్నారు. అయిదున్నరకు ‘ముఖ్య అతిథి దారిలో ఉన్నారు’ అన్నారు. ముఖ్య అతిథీ హార్డ్ డిస్కూ ఒకే కారులో వస్తూ ఉండాలి, రెండూ రాలేదు. చివరికి ఎవరి ఫోనులోంచో తీసి వేశారు. మొత్తం 38 సెకన్లు. అందులో 21 సెకన్లు సమర్పణ, నిర్మాణం, సహ నిర్మాణం, మరి కొంత సహ నిర్మాణం. తరువాత పొగ. పొగలోంచి ఒక పావురం. పావురం పోయి పేకముక్క అయింది. పేకముక్క గాలిలో తిరిగింది, తిరిగింది, మా గుండెలు కూడా దానితో తిరిగాయి, ఆగింది. దాని మీద ఇలా రాసి ఉంది: ‘విడుదల తేదీని ప్రకటించే తేదీ’. ముక్క మళ్లీ తిరగబడింది. వెనకవైపు తమరు.

తేదీ చెప్పలేదు. తేదీ ఏనాడు చెబుతారో ఆ తేదీ కూడా చెప్పలేదు. ఆ రెండో తేదీ ‘త్వరలో’!

పైగా చప్పట్లు కొట్టాము. మూడు వందల మందిమి, ఈలలతో సహా. నేనూ కొట్టాను. రాత్రి నిద్ర పట్టనివ్వనిది మీరు చేసిన మోసం కాదు, నా చేతులు చేసిన ఆ చప్పుడు.

ఈ ఊళ్లో మీకు ఒక పూర్వీకుడు ఉన్నాడని మీకు తెలుసో లేదో. 1990లలో ఇక్కడి ఇళ్ల తలుపుల మీద, గోడల మీద ‘నాళె బా’ అని రాసేవారు. రాత్రిపూట దెయ్యం వచ్చి, అయినవాళ్ల గొంతుతో పిలుస్తుందట. తలుపు మీద ‘రేపు రా’ అని చదువుకుని వెనక్కి వెళ్లిపోతుందట. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ వెళుతుంది. మన వైపు ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నదీ ఇందుకే. చిన్నప్పుడు ఆ దెయ్యాన్ని తలచుకుని నవ్వుకునేవాణ్ని. చదువు వచ్చిన దెయ్యానికి నిన్న కూడా ఇదే రాసి ఉందన్న జ్ఞాపకం ఉండదా అని. ఇప్పుడు ఆ దెయ్యం అంటే గౌరవం కలుగుతోంది. పాపం అది కనీసం సెలవు పెట్టి వచ్చేది కాదు.

మా వీధి కిరాణా కొట్టాయన కూడా ‘నేడు నగదు, రేపు అరువు’ అని బల్ల కట్టుకున్నాడు. అయినా ఆయన డబ్బు తీసుకుని పప్పు ఇస్తాడు. ఈ ఊళ్లోనే 2017లో పని మొదలైన ఈజీపుర పైవంతెన స్తంభాలు ఏళ్ల తరబడి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాయి, అవి మీ పెదనాన్న సంతానం. అయినా అక్కడ స్తంభాలు కనబడ్డాయి, మీ దగ్గర అవీ లేవు. ఇక మీ తమ్ముడు ‘శరవేగంగా’. ‘నిర్మాణానంతర కార్యక్రమాలు శరవేగంగా జరుగుతున్నాయి’ అని రెండున్నరేళ్లుగా చదువుతున్నాను. రాముడి శరం ఈ వేగంతో వెళ్లి ఉంటే రావణుడు ముసలితనంతో పోయేవాడు.

మీ పుణ్యమా అని నాకు ఒక మేలు మాత్రం జరిగింది. సినిమా రాకపోయేసరికి ఇంద్రజాలికుల వైరాల చరిత్ర అంతా చదివేశాను. అందువల్లే కోపం రెట్టింపయింది. 1905 జనవరిలో లండన్‌లో ఏమి జరిగిందో వినండి. చింగ్ లింగ్ ఫూ నిఖార్సయిన చైనా ఇంద్రజాలికుడు. చంగ్ లింగ్ సూ అని ఇంకొకాయన ఉండేవాడు, అసలు పేరు విలియం రాబిన్సన్, అమెరికావాడు. ఫూ గారి వేషం, విద్యలు, చివరికి పేరు కూడా దాదాపుగా ఎత్తుకొచ్చి చైనావాడిగా చలామణి అయ్యాడు. నోరు విప్పితే గుట్టు పోతుందని వేదిక మీద మాట్లాడేవాడు కాదు. ఫూ గారికి ఒళ్లు మండి సవాలు విసిరాడు. ఒక పత్రిక కార్యాలయంలో పోటీ అని రోజు నిర్ణయించారు. ఆ రోజున నకిలీ ఆయన వచ్చి తన విద్య చూపించాడు. సవాలు విసిరిన అసలు ఆయన రాలేదు. ఇందులో నాకు అర్థమైనది ఏమిటంటే, ఎంత అసలైనవాడైనా చెప్పిన రోజుకు రాకపోతే నకిలీవాడి ముందు ఓడిపోతాడు. ఈ పేరా మీ నిర్మాతలకు చదివి వినిపించగలరు.

ప్రచారం అంటారా, 1921 జనవరిలో అదే లండన్‌లో పి.టి. సెల్బిట్ అనే ఆయన ఒక అమ్మాయిని పెట్టెలో పడుకోబెట్టి రంపంతో పెట్టెను రెండుగా కోశాడు. థియేటర్ ముందు అంబులెన్సు నిలబెట్టేవాడు. ఆటకూ ఆటకూ మధ్య రక్తంలాంటి ఎర్రనీళ్లు బకెట్లతో తెచ్చి వీధి కాలువలో పారబోయించేవాడు. దాని ముందు మీ మోషన్ పోస్టర్లు ఏపాటి? కానీ ఆ అమ్మాయి ఆ రాత్రికి ఆ రాత్రే పెట్టెలోంచి లేచి వచ్చేది. కాళ్లు ఈ ఉగాదికి, తల వచ్చే సంక్రాంతికి అని ఆయన వాయిదా వేయలేదు. మరో ముచ్చట. అదే ఏడాది అమెరికాలో హొరేస్ గోల్డిన్ తన పద్ధతిలో మనుషులను కోయడం మొదలుపెట్టాడు. సెల్బిట్ అక్కడికి చేరేసరికి, ఆ ప్రదర్శనకు పెట్టుకోదగిన పేర్లన్నీ గోల్డిన్ ముందే తన పేరిట నమోదు చేయించుకుని ఉన్నాడు. మన ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిళ్ల తగాదా చూసినవారికి ఇది సొంత ఇంటి కథలా ఉంటుంది. 2006లో ఇంద్రజాలికుల మీద రెండు ఇంగ్లిషు సినిమాలు అమెరికాలో రెండు నెలల తేడాతో విడుదలయ్యాయి. రెండు! మాకు ఒక్కటి చాలు.

అంత దూరం ఎందుకు, మా తాతగారి ఊరికి విప్రవినోది, అంటే ఊరూరా తిరిగి గారడీ చేసే బ్రాహ్మణుడు, వచ్చేవాడట. తెర లేదు, పొగ లేదు. అరుగు మీద కూర్చుని మామిడి టెంక ఒకటి మట్టిలో పెట్టి, బుట్ట బోర్లించి, కబుర్లు చెబుతూ బుట్ట ఎత్తితే ఆకులు వేసిన మొక్క. తాంబూలం నమిలి ఉమ్మేలోగా అయిపోయేదని మా నాయనమ్మ చెప్పేది. మీరు బుట్ట బోర్లించి రెండున్నరేళ్లయింది. ఈపాటికి నిజంగా టెంక పాతి ఉంటే మొక్క నా నడుము దాకా వచ్చేది.

ఇంతవరకు మర్యాదగా రాశాను. ఇక నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను.

నువ్వు మొదటిసారి కనబడినప్పుడు మా మేనల్లుడు ఏడో తరగతి. ఆ పోస్టరు చూసిన మర్నాడే పేకముక్కలు కొనిపించుకున్నాడు. నాణెం అరచేతిలో దాచే హస్తలాఘవం నేర్చుకుంటానని నా దగ్గర రూపాయి బిళ్ల పట్టుకుని అద్దం ముందు గంటలు గంటలు నిలబడేవాడు. చెయ్యి చిన్నది. ఎంత దాచినా నాణెం వేళ్ల సందులోంచి తొంగి చూసేది. ‘కనబడుతోందా మామయ్యా?’ అని సన్నటి గొంతుతో అడిగేవాడు. కనబడటం లేదని చెప్పేవాణ్ని. సినిమా వచ్చిన మొదటి రోజు మొదటి ఆటకు తీసుకెళతానని మాట ఇచ్చాను. ఆ మాట నీ మీద భారం వేసి ఇచ్చాను. వాడు ఎనిమిదికి వచ్చాడు. ‘ఎప్పుడు మామయ్యా?’ నీ పేరు చెప్పాను. తొమ్మిదికి వచ్చాడు. నీ పేరే చెప్పాను. ఇప్పుడు పదో తరగతి, గొంతు మారింది, నా చెప్పులు వాడికి బిగుతు. ఈ మధ్య అడగడం మానేశాడు. నిన్న కూడా నేను బతిమాలితే వచ్చాడు. పన్నెండేళ్ల పిల్లవాడు నోరు తెరుచుకుని చూడాల్సిన సినిమాను పద్దెనిమిదేళ్లవాడు ‘గ్రాఫిక్స్ బాగా లేవు’ అంటూ చూసేలా చేస్తావు నువ్వు. కోట్లు పోస్తే పావురాలు వస్తాయి, ఆ పన్నెండో ఏడు వస్తుందా? గారడీవాడు ప్రేక్షకుడి దగ్గర నాణెం తీసుకుంటే ఆట అయ్యేలోగా తిరిగి ఇవ్వాలి. ఇవ్వనివాణ్ని గారడీవాడు అనరు, దానికి వేరే పేరు ఉంది. అరచేతిలో వైకుంఠం చూపించి, ఆ అరచెయ్యి మూసుకుని వెళ్లిపోయావు!

క్షమించాలి. కాఫీ తాగి వచ్చి మళ్లీ ‘మీరు’ దగ్గర మొదలుపెడుతున్నాను.

నిజం చెప్పాలంటే నిన్నటి మూడు గంటలూ పూర్తిగా వృథా అనడానికి నోరు రావడం లేదు. ఈ ఊళ్లో లక్షల మంది తెలుగువాళ్లం ఉన్నాము, లిఫ్టులో పక్కపక్కన నిలబడి ఫోన్లు చూసుకుంటాము. నిన్న ఆ వరుసలో నా ముందు కదిరి ఆయన, వెనక పలాస అమ్మాయి. ఒక గంట గడిచాక కదిరి ఆయన సంచిలోంచి వేరుశనగ ఉండలు తీసి పంచాడు. పలాస అమ్మాయి జీడిపప్పు గురించి గొప్పలు చెప్పింది. కవల సోదరుడు లేడని ఆమె వాదన, గురువే విలన్ అని ఈయన వాదన. మీరు సమయానికి వచ్చి ఉంటే వీళ్లిద్దరితో నేను ఒక్క మాటైనా మాట్లాడేవాణ్ని కాను.

విసుగు పుట్టి అయిదింటికి మా వాణ్ని ఏదైనా చేసి చూపించరా అన్నాను. మొదట సిగ్గుపడ్డాడు. తరువాత నా దగ్గర పది రూపాయల నాణెం అడిగి తీసుకున్నాడు. కుడి చేతిలో పెట్టి, గుప్పిట మూసి, ఊది, తెరిచాడు. లేదు. ఎడమ చెయ్యి తెరిచాడు. లేదు. కదిరి ఆయన చొక్కా చేతులు మడిచి చూశాడు, పలాస అమ్మాయి వేళ్లు విడదీయించింది. ఎక్కడా లేదు. చుట్టూ ఇరవై మంది గుమిగూడారు. నేను కూడా రెప్ప వేయకుండా వాడి వేళ్ల సందుల్లోకే చూశాను, రెండున్నరేళ్లు చూసిన చోటే. ఏమీ తొంగి చూడలేదు. చెయ్యి పెద్దదయింది. ఇంతలో తలుపులు తెరిచారు, అందరమూ లోపలికి పరుగెత్తాము, తరువాతి సంగతి మీకు తెలుసు.

తిరుగు బస్సులో అడిగాను, ‘నా పది రూపాయలు ఏవిరా?’ అని.

కిటికీలోంచి బయటకు చూస్తూ, ఆ మారిన గొంతుతో మీ పేరు చెప్పాడు.

ఇట్లు,
మీ విధేయుడు
(నాణెం ఇంకా రాలేదు)